గ్రంథద్వారముల శిల్పి: పీటర్ పాల్ రూబెన్సు

గ్రంథాలయమునకు వచ్చిన పాఠకుడు పుస్తకమును చేతికి తీసికొని తెరచినప్పుడు మొదట కనబడునది ముఖపత్రము. నేటి ముఖపత్రమున గ్రంథము పేరు, కర్త పేరు, ప్రకాశకుల పేరు తప్ప వేరొండు సాధారణముగా కానరాదు. నాలుగువందల యేండ్లకు పూర్వము ఐరోపాలో అచ్చయిన పెద్ద గ్రంథములు అట్లుండెడివి కావు. అట్ట తెరవగానే ఒక గోపురద్వారము ఎదురయ్యెడిది. ఇరుప్రక్కల ద్వారపాలకులవలె దేవతామూర్తులు, పైన పీఠముపై ఒక స్త్రీ, క్రింద సంకెలలో, విరిగిన ఆయుధములో, తేనెటీగలో చెక్కబడియుండెడివి. ఇవి కేవలము అలంకారములని తలచి పుట త్రిప్పివేసినవానికి గ్రంథకర్త చెప్పదలచిన మొదటి మాట దక్కదు. ఏలయన ఆ బొమ్మలలో ప్రతి వస్తువునకును అర్థము కలదు.

17వ శతాబ్దమున వర్ధిల్లిన ఆ కళారీతికి బరోక్ అని పేరు. ఒకటి చూపి వేరొకటి స్ఫురింపజేయు ఆ అన్యాపదేశ చిత్రములను చదువు విధము తెలిసికొనగోరువారికి ఒక మహాచిత్రకారుని జీవితము మంచి పాఠము. ఆయన ఫ్లాండర్సు దేశీయుడైన పీటర్ పాల్ రూబెన్సు. రాజప్రాసాదములకును దేవాలయములకును ఆయన వ్రాసిన వర్ణచిత్రములు లోకప్రసిద్ధములు. గ్రంథములకై ఆయన గీసిన ముఖపత్రముల సంగతి అంతగా ప్రచారములో లేదు. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఆ సంగతిని స్మరించుట ఉచితమని తోచినది.

రూబెన్సు 1577వ సంవత్సరము జూను 28వ తేదీన జర్మనీలోని జీగెన్ పట్టణమున జన్మించెను. ఆయన కుటుంబము వారిది ఆంట్వెర్పు నగరము. తండ్రి యాన్ రూబెన్సు న్యాయశాస్త్రవేత్త, నగరపాలకులలో ఒకడు. స్పెయిను రాజు ఏలుబడిలోనున్న ఆ దేశమున మతకలహములు చెలరేగినప్పుడు, ప్రాటెస్టెంటు మతాభిమానియను అనుమానమునకు గురియై 1568లో ఆయన సకుటుంబముగా జర్మనీకి తరలిపోయెను. అచట ఆరెంజి ప్రభువగు విలియము భార్యతో ఏర్పడిన అక్రమసంబంధము బయటపడి చెరసాల పాలయ్యెను. మరణదండన తప్పదని భయపడుచున్న ఆ భర్తను క్షమించి, ప్రభువులకు విన్నపములు వ్రాసి, ధనము పూచీ కట్టి విడిపించిన ఇల్లాలు మరియా పైపెలింక్సు. పీటర్ పాల్ ఆ తల్లి బిడ్డడు. 1587లో తండ్రి మరణింపగా ఆమె పిల్లలను వెంటబెట్టుకొని ఆంట్వెర్పునకు తిరిగివచ్చెను.

వారు తిరిగివచ్చిన నగరము పూర్వపు ఆంట్వెర్పు కాదు. ఒకప్పుడు ఉత్తర ఐరోపాలోకెల్ల గొప్ప వర్తకస్థానమై వెలిగిన ఆ రేవును 1585లో స్పెయిను సైన్యము తిరిగి పట్టుకొనెను. స్వతంత్రులైన ఉత్తరపు డచ్చివారు షెల్డు నది ముఖమును తమ అధీనమున నుంచుకొని ఓడల రాకపోకలను అడ్డగించిరి. వర్తకులు, చేతిపనివారు వలసపోవుటచే జనసంఖ్య సుమారు సగమునకు పడిపోయెను. మూసిన ఆ నదిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. రూబెన్సు చిత్రములలో అది మరల కనిపించును.

ఆంట్వెర్పులో బాలుడు లాటిను పాఠశాలలో చేరెను. వర్జిలు మొదలగు ప్రాచీన కవుల కృతులు అచటనే ఆయనకు పరిచయమయ్యెను. అచట ఆయనకు సహపాఠి బల్తసార్ మోరేటసు. ఈ మోరేటసు, ఐరోపాలో సుప్రసిద్ధమైన ప్లాంటెను ముద్రణాలయ స్థాపకునికి దౌహిత్రుడు. ఆ ముద్రణాలయపు చిహ్నము ఒక వృత్తలేఖిని. దానికి రెండు కాళ్లు. ఒకటి కదలక నిలిచియుండును, రెండవది తిరుగుచు వృత్తమును గీయును. నిలిచిన కాలు స్థైర్యమునకు, తిరుగు కాలు శ్రమకు సంకేతములు. లెక్కలు చేయు బాలుని పెట్టెలోని పనిముట్టు ఒక జీవిత సిద్ధాంతమును చెప్పుటయన్న ఇదియే. ఒక చిత్రకారుడు, ఒక ముద్రాపకుడు బాల్యమిత్రులగుట గ్రంథలోకమునకు కలిగిన భాగ్యము.

పేదరికమువలన చదువు చాలించి కొంతకాలము ఒక ప్రభ్వి కొలువున నుండి, పిదప రూబెన్సు చిత్రకళలో ముగ్గురు గురువుల నాశ్రయించెను. వారిలో మూడవవాడగు ఒట్టో వాన్ వేన్ గొప్ప పండితుడు. చిత్రమునకు సూక్తిని జతచేసి నీతి బోధించు సంకేతచిత్ర గ్రంథములను తరువాతి కాలమున రచించి ప్రకటించినవాడు. చిత్రము కన్నులకు మాత్రమే కాదు, బుద్ధికిని పని కల్పింపవలెనను పాఠము రూబెన్సుకు ఆ గురువునొద్ద అబ్బెను.

ఆ కాలపు చిత్రకారుల బల్లపై ఉండెడి ఒక నిఘంటువును గూర్చి ఇచట చెప్పవలెను. ఇటలీదేశీయుడు చేజరే రీపా 1593లో రోములో ఐకొనొలొజియా యను గ్రంథమును ప్రకటించెను. 1603వ సంవత్సరపు కూర్పున దానికి బొమ్మలు చేర్చబడెను. సత్యము, న్యాయము, శాంతి, అసూయ, కీర్తి మున్నగు భావములకు ఏ రూపము కల్పింపవలెనో, ఏ చేత ఏ వస్తువు నుంచవలెనో అకారాదిక్రమమున అది తెలుపును. మన శిల్పులకు ధ్యానశ్లోకము లెట్టివో వారికి ఈ గ్రంథ మట్టిది. వీణయు హంసయు చూడగానే సరస్వతి యని మన పల్లెలోని పసిబిడ్డ గుర్తించునట్లే, ఒరలేని కత్తియు త్రాసును చూడగానే న్యాయదేవత యని అచటివారు గుర్తించెడివారు. అయితే నిఘంటువు పదమునకు అర్థము చెప్పును గాని వాక్యమునకు చెప్పదు. సంకేతముల విషయమున గూడ అంతే. రూబెన్సు జీవితము మనకు నేర్పు ముఖ్యపాఠము ఇదియే.

1600లో రూబెన్సు ఇటలీ చేరి మాంటువా ప్రభువు ఆస్థానమున కొలువుదీరెను. ఎనిమిదేండ్లు రోము, జినీవా కానట్టి జెనోవా, వెనీసు మున్నగు నగరములు తిరిగి ప్రాచీన శిల్పములను, నాణెములను, చెక్కిన రత్నములను పరిశీలించెను. అన్న ఫిలిప్పు గొప్ప లాటిను పండితుడు. ప్రాచీన రోమకుల ఆచారములను గూర్చి అతడు రచించిన గ్రంథము 1608లో ప్లాంటెను ముద్రణాలయమున అచ్చయ్యెను. అందలి బొమ్మలకు చిత్రములు గీసియిచ్చినవాడు తమ్ముడు. పుస్తకములతో రూబెన్సుకు కలిగిన తొలి సంబంధము ఈ సోదరప్రేమయే.

అదే సంవత్సరము తల్లికి జబ్బుగా నున్నదని తెలిసి ఆయన ఇంటికి బయలుదేరెను. వచ్చి చేరునప్పటికి ఆమె కన్నుమూసెను. తిరిగి ఇటలీ పోదలచినవాడు ఆంట్వెర్పులోనే నిలిచిపోయెను. 1609లో డచ్చివారికిని స్పెయినుకును పండ్రెండేండ్ల యుద్ధవిరామపు ఒడంబడిక కుదిరెను. ఆ యేటనే ఆయన దేశపాలకులగు ఆల్బర్టు, ఇసబెల్లా దంపతులకు ఆస్థాన చిత్రకారుడయ్యెను, ఇసబెల్లా బ్రాంటు అను కన్యను వివాహమాడెను. 1611లో అన్న ఫిలిప్పు మరణించెను. అన్నకై మొదలుపెట్టిన పుస్తకముల పనిని తమ్ముడు విడువలేదు.

ముఖపత్రము తయారగు విధము నిట తెలుపుట అవసరము. గ్రంథకర్త గాని ముద్రాపకుడు గాని గ్రంథవిషయమును చిత్రకారునికి వివరించును. అతడు చిన్న కాగితముపై సిరాతో చిత్రము గీసి యిచ్చును. శిల్పి దానిని నునుపు చేసిన రాగిరేకుపై సన్నని ఉక్కు ములికితో గీతలు గీతలుగా తొలిచి చెక్కును. రేకునకు సిరా పూసి తుడిచినచో గీతల గుంటలలో మాత్రమే సిరా నిలుచును. తడిపిన కాగితమును దానిపై నుంచి రోలరు యంత్రమున గట్టిగా నొక్కగా బొమ్మ కాగితముపై తేలును. అట్లు తేలిన బొమ్మలో కుడి ఎడమయగును, ఎడమ కుడియగును. అందుచే రేకుకై చిత్రము గీయువాడు ఈ తారుమారును ముందే లెక్కించుకొనవలెను. కుడిచేత నుండవలసిన ఖడ్గము ఎడమచేతికి పోయినచో అర్థమే తలక్రిందులగును.

1613లో వెలువడిన దృష్టిశాస్త్ర గ్రంథమొకటి ఆయన తొలి ముఖపత్రములలో చేరినది. రచయిత జెసూట్ పండితుడగు ఫ్రాన్సిస్ అగిలోనియసు. పీఠముపై దృష్టిశాస్త్రమే స్త్రీరూపమున కూర్చుండియున్నది. ఆమె రాజదండము కొనయందు ఒక కన్ను కలదు. ప్రక్కన నెమలి. ద్వారమునకు ఒకవైపున మెర్క్యురీ దేవుడు ఆర్గసు తలను చేతబట్టి యుండును, రెండవవైపున జ్ఞానదేవతయగు మినర్వా డాలు ధరించి యుండును. ఈ ఆర్గసు నూరు కన్నుల కావలివాడు. మెర్క్యురీ అతనిని నిదురబుచ్చి చంపగా, ఆ కన్నులను జూనో దేవి తన వాహనమగు నెమలి పింఛమున పొదిగెనని పురాణము. కథ తెలిసినవానికి నెమలి యెందులకు వచ్చినదో తెలియును. నూరు కన్నులున్నను జ్ఞానము లేనిచో చూపు నిష్ప్రయోజనమను భావమునకు ఎదుట నిలిచిన మినర్వాయే సాక్షి. గ్రంథములోని వందలకొలది పుటలకు అది ఒక్క పుటలో పీఠిక.

ఈ పనికి ఆయనకు ముట్టిన ప్రతిఫలము స్వల్పము. పెద్ద పరిమాణపు గ్రంథమునకు ఇరువది గిల్డర్లు, దానికంటె చిన్నదానికి పండ్రెండు, ఇంకను చిన్నదానికి ఎనిమిది. తక్కిన దినములలో వర్ణచిత్రముల పని తీరికనీయదు కనుక ముఖపత్రముల నాయన పండుగ సెలవులలో గీసెడివాడు. పనిదినమున చేయుమన్నచో ఒక్కొక్కదానికి నూరు గిల్డర్లు అడుగునని మోరేటసు ఒక గ్రంథకర్తకు వ్రాసెను. అందుచే నెలల ముందుగానే మిత్రునికి విషయము తెలిపెడివాడు. ఆ స్వల్పధనమును గూడ రూబెన్సు చాలవరకు రొక్కముగా పుచ్చుకొనలేదు. ముద్రణాలయపు ఖాతాలో జమ వేయించి, దానికి బదులు పుస్తకములు కొనుక్కొనెడివాడు. చరిత్ర, పురావస్తువులు, ప్రకృతిశాస్త్రము మున్నగు అనేక విషయముల గ్రంథములట్లు ఆయన యింట చేరెను. 1621లో ఆయనను చూడబోయిన యొక యువకుడు, ఆయన చిత్రము వ్రాయుచునే టాసిటసు చరిత్రను చదివించుకొని వినుచు, మధ్యలో ఒక లేఖను చెప్పి వ్రాయించుట చూచి ఆశ్చర్యపడెను. పుస్తకములకు ద్వారములు కట్టి, ఆ కూలితో పుస్తకములే కొన్న చిత్రకారుడాయన.

రాగిరేకుల పని యంతయు సామరస్యముగా సాగినదని తలపరాదు. తన వర్ణచిత్రములకు చెక్కడపు ప్రతులు తీయించి దేశదేశములకు పంపుటకై ఆయన 1619, 1620 సంవత్సరములలో పలు ప్రభుత్వములనుండి హక్కుపత్రములు సంపాదించెను. ఆ పనికి నియుక్తుడైన లూకాస్ వోర్‌స్టర్మన్ అసాధారణ ప్రతిభావంతుడు. రంగుల మిలమిలను నలుపు తెలుపు గీతలలో పలికించినవాడు. తన శ్రమకును నైపుణ్యమునకును తగిన గౌరవము లభించలేదని అతడు తలచెను. శిష్యుడు గర్వాంధుడయ్యెనని రూబెన్సు తలచెను. కలహము ముదిరి 1622లో రూబెన్సు ప్రాణమునకు రక్షణ కోరుచు మిత్రులు ప్రభుత్వమునకు విన్నవించుకొనువరకు పోయెను. చెక్కడపు బొమ్మ యడుగున రెండు పేర్లుండుటకు కారణము కలదు. ఊహించినవాడొకడు, చెక్కినవాడొకడు. బొమ్మను చదువువారు రెండవ పేరును గూడ చదువుట ధర్మము.

యుద్ధవిరామము 1621లో ముగిసెను. స్పెయిను సేనాని స్పినోలా 1624లో డచ్చివారి బ్రేడా కోటను చుట్టుముట్టి, ఆహారము చొరనీయక, 1625లో లొంగదీసికొనెను. ఆ ముట్టడి చరిత్రను సేనాని వెంటనున్న జెసూట్ గురువు హెర్మన్ హ్యూగో రచింపగా 1626లో మోరేటసు అచ్చువేసెను. రూబెన్సు గీసిన ముఖపత్రమున బలశాలి హెర్క్యులీసు, వివేకశాలిని మినర్వా నిలిచియుందురు. అంతవరకు ఇది విజయోత్సవమే. కాని బ్రేడా నగరము స్త్రీరూపమున నుండగా, ఎముకలు తేలిన ఆకలి ఆమె గొంతు నులుముచుండును. ఆ కోటను జయించినది కత్తి కాదు, ఆకలి. గెలిచినవారి గ్రంథమునకు, గెలిచినవారి పక్షమున నున్న చిత్రకారుడే, ఆ సత్యమును ద్వారముననే చెక్కించెను. 1637లో డచ్చివారు ఆ కోటను మరల గెలిచికొనిరి.

సంకేతము ఎల్లప్పుడును ఇంత కఠోరమైనది కాదు. ఎనిమిదవ అర్బను పోపు స్వయముగా కవి. ఆయన లాటిను కావ్యసంపుటి 1634లో ప్లాంటెను ముద్రణాలయమున వెలువడెను. ముఖపత్రమున బైబులు వీరుడగు సాంసను సింహపు నోరు చీల్చుచుండ, ఆ నోటినుండి తేనెటీగలు వెలువడుచుండును. బలమైనదానినుండి మధురమైనది పుట్టెనను సాంసను పొడుపుకథ తెలిసినవారికి, అధికారసంపన్నుడగు పోపు మధురకవిత్వము చెప్పెనను భావము స్ఫురించును. ఆ పోపు జన్మించిన బార్బెరీని వంశపు చిహ్నము మూడు తేనెటీగలు. ఈ సంగతి నిఘంటువులో వెదకిన దొరకదు. కవి యెవరో, వారి వంశమెట్టిదో తెలిసిననే చిత్రము పూర్తిగా తెరచుకొనును.

1626లో ఇసబెల్లా బ్రాంటు మరణించెను. దుఃఖమును మరచుటకో యన్నట్లు రూబెన్సు రాయబారపు పనిలో మునిగెను. 1628లో మాడ్రిడు, 1629లో లండను వెళ్లి స్పెయిను, ఇంగ్లండు రాజుల నడుమ రాయబారము నెరపెను. 1630లో ఆ రెండు దేశములకు సంధి కుదిరెను. శాంతిదేవత పిల్లలకు పాలిచ్చుచుండగా యుద్ధదేవుడగు మార్సును మినర్వా వెనుకకు నెట్టు చిత్రమును వ్రాసి ఆయన ఇంగ్లండు రాజగు మొదటి చార్లెసుకు కానుకగా నిచ్చెను. తన యేబదిమూడవ యేట పదునారేండ్ల హెలెనా ఫూర్మెంటును పెండ్లాడి ఆంట్వెర్పున స్థిరపడెను. కాని ఆయన కోరిన శాంతి, డచ్చివారితోడి శాంతి, కుదరలేదు.

1635 ఏప్రిలులో స్పెయిను రాజసోదరుడు ఫెర్డినాండు నూతన పాలకుడై ఆంట్వెర్పు ప్రవేశించెను. స్వాగత తోరణముల రచనాభారము రూబెన్సుదే. తోరణములు సాధారణముగా స్తోత్రపాఠములు. ఆయన వానిలో ఒకదానిని విన్నపపత్రముగా మార్చెను. అందు మధ్యనున్న మెర్క్యురీ, వర్తకమునకు అధిదేవత, తన పీఠమును విడిచి ఎగిరిపోవుచుండును. ఆంట్వెర్పు నగరదేవత మోకరిల్లి వేడుకొనుచుండును. షెల్డు నదీదేవుడు కాళ్లకు సంకెలలతో నిద్రించుచుండును. పనిలేని నావికుడును, అతని ప్రక్కన దరిద్రమును కూర్చుండియుందురు. దృష్టిశాస్త్ర గ్రంథమున నూరు కన్నులవానిని జయించిన మెర్క్యురీయే, ఇచట నగరమును విడిచిపోవు భాగ్యమయ్యెను. రూపమొకటే, వేషమొకటే. అర్థము మాత్రము వేరు. పురప్రజలలో లాటిను రానివారికి గూడ ఆ దినమున ఆ చిత్రము తెలిసియుండును. ఏలయన ఆ సంకెల ప్రతి యింటి పొయ్యికి తగిలియున్నది.

మరియొక తోరణమున జేనసు దేవాలయము. ప్రాచీన రోములో ఆ గుడి తలుపులు యుద్ధకాలమున తెరచి, శాంతికాలమున మూసియుంచెడివారు. తెరచిన తలుపులనుండి యుద్ధోన్మాదము దూకుచుండ, అప్పటికి మరణించిన పాలకురాలు ఇసబెల్లాయు శాంతిదేవతయు కలిసి వానిని మూయ యత్నించుచుందురు. ఈ తోరణములన్నియు కొయ్యయు గుడ్డయు రంగులును. ఉత్సవము ముగిసిన పిదప నిలిచియుండునవి కావు. వానిని నిలిపినవి రాగిరేకులే. వాన్ తుల్డెన్ వానిని చెక్కగా, నగర కార్యదర్శియగు గెవార్టియసు వివరణ వ్రాసెను. 1640లో రూబెన్సు, 1641లో ఫెర్డినాండు గతించిన పిదపగాని ఆ మహాగ్రంథము పాఠకుల చేతికి రాలేదు. విన్నపము చేసినవాడును, విన్నవాడును లేరు. విన్నపము మాత్రము మిగిలినది.

1638లో రూబెన్సు ఫ్లారెన్సునకు ఒక వర్ణచిత్రమును పంపెను. అది రాగిరేకు పని కాకపోయినను మన విషయమునకు అత్యంత సన్నిహితము. ఏలయన అందలి సంకేతములను ఆయనయే ఒక లేఖలో వివరించెను. తెరచిన జేనసు ఆలయమునుండి మార్సు వెడలుచుండును. వీనసు అతనిని ఆపజూచును. దివిటీ పట్టిన ఉగ్రదేవత అతనిని ముందుకు లాగును. వెంట క్షామము, మహామారి. విరిగిన వీణతో పడియున్న స్త్రీ సామరస్యము. పనిముట్లతో కూలినవాడు గృహశిల్పి. కట్టు విప్పిన బాణముల మోపు చెదరిన ఐకమత్యము. మార్సు పాదముల క్రింద నలుగుచున్నవి ఒక గ్రంథము, కొన్ని కాగితములు. చినిగిన మేలిముసుగుతో, నల్లని వస్త్రములతో, చేతులెత్తి రోదించు స్త్రీ దోపిడికి, అవమానమునకు గురియైన ఐరోపా. జీవితమంతయు గ్రంథములకు ద్వారములు కట్టినవాడు, యుద్ధము మొట్టమొదట త్రొక్కునది గ్రంథమునని చిత్రించుట గమనింపదగినది.

చివరి సంవత్సరములలో కీళ్లవాతము ఆయన చేతిని బంధించెను. అప్పుడు ముఖపత్రములకు భావన మాత్రము తాను చెప్పగా, శిష్యుడు ఎరాస్మస్ క్వెలినసు గీసెను. 1640 మే 30వ తేదీన రూబెన్సు మరణించెను. 1648లో యుద్ధము ముగిసి సంధి కుదిరినను, అది షెల్డు నది మూసివేతనే స్థిరపరచెను. 18వ శతాబ్దాంతమున ఫ్రెంచివారు వచ్చువరకు ఆ సంకెల వీడలేదు. ప్లాంటెను ముద్రణాలయము 1876లో నగరము వారి పరమై మరుసటియేట ప్రదర్శనశాలగా తెరవబడెను. ఆనాటి యంత్రములు, రాగిరేకులు, లెక్కల పుస్తకములు నేటికిని అచట భద్రముగా నున్నవి. వృత్తలేఖినికి ఇరుప్రక్కల శ్రమకు హెర్క్యులీసును, స్థైర్యమునకు స్త్రీమూర్తిని నిలిపి రూబెన్సు మిత్రునికై గీసిన ముద్రణాలయ చిహ్నమును ఆ లోకమునకు చెందినదే. బ్రేడాలో కోటను గెలిచిన ఆ హెర్క్యులీసే ఇచట అచ్చుకూటపు కూలివాడు.

ఈ జీవితమువలన మనకు తెలియవచ్చునది స్పష్టము. పాత గ్రంథమున గాని, గుడిగోడపై గాని ఒక సంకేతచిత్రము కనిపించినప్పుడు మొదట వస్తువులను లెక్కపెట్టవలెను. పిదప వాని కథను అడుగవలెను. అంతటితో ఆగక, ఎవరు, ఎవరికొరకు, ఏ కష్టకాలమున దానిని చేయించిరో విచారింపవలెను. మొదటి రెండు ప్రశ్నలకు నిఘంటువు సమాధానము చెప్పును. మూడవదానికి చరిత్రయు, చరిత్రను కాపాడిన గ్రంథాలయమును చెప్పవలెను.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము తలుపులు తెరచియున్నవి. జేనసు ఆలయపు తలుపులు మూసియుండుట మేలు, గ్రంథాలయపు తలుపులు తెరచియుండుట మేలు. ఒక కాలు నిలిపి, ఒక కాలు త్రిప్పు ఆ వృత్తలేఖినివలె, స్థైర్యముతోను శ్రమతోను దీనిని నడిపినవారికి నమస్కారములు.